పడమటి రేవులో ప్రస్థానం

గురువారం తెల్లవారకముందు కామేశం వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. ఇంగ్లీషు వచ్చినవాడికే దొరల రాణిగారి కొలువులో చోటున్న రోజులు కనుక కొడుకును హైస్కూల్లో వేయాలి. కాలువకు తూర్పు కొసన బోర్డు హైస్కూలు, పడమటి కొసన మిషన్ హైస్కూలు ఉన్నాయి. ఇవాళ ఒకటి, రేపు మరొకటి చూసి, మెట్రిక్యులేషన్ ఎందరు గట్టెక్కారో, లెక్కలు ఎవరు చెబుతారో, మేష్టర్లు వేళకు వస్తారో లేదో పోల్చి తేల్చుకోవాలి. చూడకుండా ఒకదాన్ని మంచిదనడం హేతువుకు విరుద్ధమని ఆయన సిద్ధాంతం.

మొదటి చిక్కు భార్య వరహాలక్ష్మితో. ముందురోజే ఆమె తెగేసి చెప్పింది.

"మిషన్ బళ్ళో వేస్తే పిల్లాడు మనకి దక్కడండీ. మీరా గుమ్మం తొక్కారంటే నేను కాలవలో పడతాను."

"నువ్వెందుకూ? ఈ పోరు పడలేక నేనే పడతాలే!"

ఆ తరువాత, బోర్డు స్కూలు ఒక్కటే చూస్తానని కామేశం మాట ఇచ్చాడు. దాన్ని నిలబెట్టుకునే ఉద్దేశం ఆయనకు లేదు.

రెండో చిక్కు పంచాంగం. శుక్రవారం పడమటికి శూల, ఆ దిక్కుకు ప్రయాణం కూడదు. అలాంటప్పుడు ముందురోజే పంచె, ఉత్తరీయం, ఒక జంధ్యం ఆ దిక్కున ఎక్కడైనా ఉంచితే ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. దాన్ని ప్రస్థానం అంటారు. శూలను నమ్మనని కామేశం ఊరంతటికీ చెప్పాడు. అయితే నమ్మకపోవడం వేరు, భయపడకపోవడం వేరు. అందుకని ఎవరికీ తెలియకుండా, చీకటితోనే పడమటి రేవుకు వెళ్ళాడు.

అక్కడ పడవ నడిపే ముసలయ్య ఇల్లుంది. అతడు చేపల వేటకు పోయాడు. భార్య మరిడమ్మ చేపల తట్టతో సంతకు బయలుదేరుతోంది.

"మరిడమ్మా, ఇవి రేపటిదాకా మీ ఇంట్లో ఉంచు. రేపు పడమటికెళ్తూ తీసుకుంటాను. ఎవరితోనూ అనకు."

"అమ్మో, మడి బట్టలే! ఇంటినిండా ఎండుచేపలు బాబూ, ఆ పాపం నాకెందుకు? రేవు మెట్టు మీద పెట్టండి. ఎవరూ ముట్టుకోరు."

కామేశం వాటిని మెట్టు మీద మడిచి పెట్టి, గాలికి ఎగరకుండా రాయి ఉంచి, తూర్పు రేవుకు పోయి అక్కడి పడవ ఎక్కాడు.

నిజంగానే ఎవరూ ముట్టుకోలేదు. చూశారు. వేట నుంచి వచ్చిన ముసలయ్య మొదట బట్టలనూ, తరువాత నిశ్చలంగా ఉన్న నీళ్ళనూ చూసి కేక పెట్టాడు. పరుగున వచ్చిన వరహాలక్ష్మి ఉత్తరీయం అంచు గుర్తుపట్టింది. తూర్పు బడికి వెళ్ళాడనుకున్న భర్త, నిన్న విసురుగా అన్న మాట ఆమె చెవిలో మోగింది.

"అన్నంత పనీ చేశారు! నేనే చంపుకున్నాను!"

వలలు దిగాయి. వల బరువుగా లేచినప్పుడల్లా గట్టున జనం ముందుకు తోసుకొచ్చేవారు. ఒకసారి తామర తూడు వచ్చింది. ఒకసారి కుళ్ళిన తాటిదుంగ వచ్చింది. దుంగను చూసి ఆమె స్పృహ తప్పింది.

మధ్యాహ్నానికి ఊరిపెద్ద చంద్రరావు పంతులు వచ్చి మెట్టును పరీక్షించాడు.

"చావబోయేవాడు జంధ్యం తీసి రాయి కింద పెడతాడుటయ్యా? ఇది చావు కాదు. పడమటి రేవు! ఎటు పోయాడో తెలియటం లేదూ? మతం మారి మిషన్‌లో కలిశాడు."

అంతవరకు ఏడ్చినవారు ఏడుపు ఆపి, అడుగు వెనక్కి వేశారు. వరహాలక్ష్మి చుట్టూ ఖాళీ ఏర్పడింది. చావైతే మోయడానికి నలుగురు వస్తారు. దీనికి నిప్పూ నీళ్ళూ కూడా పుట్టవు. పిల్లవాడికి హైస్కూలు మాట అటుంచి, ఊళ్ళో నిలవనీడ ఉండదు.

"పొద్దుగూకేలోగా మనిషి రాకపోతే ఇంటిని వెలివేయడమే," అని చంద్రరావు ముసలయ్యను మిషన్ స్కూలుకు తరిమాడు.

సంధ్యవేళకు ముసలయ్య పడవలోంచి హెడ్మాస్టరు అబ్రహాము దిగాడు. ఆయన ముఖమూ పాలిపోయి ఉంది. ఈ వార్త నిలబడితే మర్నాడు ఆయన బడిలో బల్లలు మాత్రమే మిగులుతాయి.

"ప్రమాణం చేసి చెబుతున్నానమ్మా, మీవారు మా గడప తొక్కలేదండీ. గదులన్నీ వెతికించాను. బోర్డింగు చూశాను. బావిలోకి కూడా మనిషిని దింపాను."

"బావిలోకా!" అని ఆమె మళ్ళీ గొల్లుమంది.

సరిగ్గా అప్పుడే తూర్పు రేవులో పడవ దిగి వస్తున్న కామేశానికి గట్టున జనం, కాలువలో వలలు కనిపించాయి. భార్య కాలువలో పడి పంతం చెల్లించుకుందనుకున్నాడు. "వరహాలూ!" అని అరుస్తూ మసకచీకట్లో పరుగెత్తుకొచ్చాడు. దెయ్యమనుకొని జనమూ అంతే వేగంగా పరుగెత్తారు, అవతలి వైపుకు. అందరికంటే ముందున్నది చంద్రరావు.

వరహాలక్ష్మి మాత్రం కదలలేదు. చెయ్యి చాచి భర్తను గట్టిగా గిల్లింది. ఆయన "అబ్బా!" అన్నాక గాని ఏడవలేదు.

అంతలో సంత నుంచి వచ్చిన మరిడమ్మ తట్ట దించి విస్తుపోయింది. "ఇదేం గోలండీ? బాబుగారే కదా పెట్టారు! రేపు పడమటికెళ్తూ తీసుకుంటానన్నారు."

ప్రస్థానమూ, మిషన్ స్కూలూ ఒక్కసారే బయటపడ్డాయి. కామేశం తల వంచుకున్నాడు. ఇక ఆ బడి పేరు ఎత్తే అర్హత తనకు లేదని ఆయనకు తెలుసు.

వరహాలక్ష్మి కళ్ళు తుడుచుకుంది. "ఇవాళ ఆ బోర్డు బళ్ళో ఏం చూశారండీ?"

"పగలంతా వరండాలో కూర్చున్నాను. నువ్వెవరివని అడిగినవాడు లేడు."

"వెళ్ళని బడి హెడ్మాస్టరుగారు మీకోసం బావి గాలించి వచ్చారు. పిల్లాణ్ణి అక్కడే వేద్దాం. రేపే తీసుకెళ్ళండి."

"రేపా? రేపు శూల..."

"మీరు నమ్మరుగా!"

తేరుకొని తిరిగివచ్చిన చంద్రరావు అబ్రహామును పక్కకు పిలిచాడు. గట్టి హెచ్చరికే అనుకొని అందరూ చెవులు రిక్కించారు.

"మేష్టారూ, మీ ఫోర్తు ఫారంలో ఇంకొక ఖాళీ ఉంటుందాండీ? మా మనవడు కాస్త ఇల్లు పట్టని రకం. తప్పిపోతే వెతికే బడి కావాలి."

వెలివేసే విషయం, ఖాళీలు నిండేదాకా వాయిదా పడింది.