రాళ్లకుంట సంఘంలో తొలి మహిళా సభ్యురాలు

2003లో రాళ్లకుంట మత్స్య సహకార సంఘం మహిళలను చేర్చుకుంది. ఈ చారిత్రక నిర్ణయాన్ని నలభై ముగ్గురు మగవాళ్లు చేతులెత్తి ఏకగ్రీవంగా ఆమోదించారు.

అంతకుముందు కూడా సంఘానికి అందరూ సమానమే. సభ్యుల్లో పటాన్‌చెరు ఫ్యాక్టరీల బాయిలర్ ఆపరేటర్లున్నారు, కాజీపల్లి వాచ్‌మన్లున్నారు, ఆటోలు నడిపేవాళ్లున్నారు. చేపలు పట్టేవాళ్లు కూడా ఇద్దరున్నారు. చెరువులో బొచ్చె, రవ్వ, బంగారుతీగ చేపలు ఒకే నీళ్లలో కలిసి బతుకుతున్నాయి. ఇంతకన్నా కలుపుకుపోవడం ఎక్కడుంటుంది? అయినా చేపపిల్లలు ఉచితంగా ఇచ్చే ప్రాజెక్టువాళ్లకు తృప్తి కలగలేదు. ఒక్క మహిళైనా సభ్యురాలిగా ఉండాలి, ఆమె నీళ్లలో దిగి వల విసురుతున్న ఫొటో పంపాలి, ఆ ఫొటోతోనే సభ్యత్వ కార్డు వస్తుంది అని ఉత్తరం రాశారు.

మహిళ దొరికింది. బక్కమ్మ. సంఘం సభ్యుడైన మొగుడు అంజన్న పోయాక ఇరవై ఏళ్లుగా ఇస్నాపూర్ చౌరస్తాలో చేపలమ్ముతోంది. సంఘం వలలన్నీ ఆమె అల్లినవే. కార్డుంటే పట్టిన చేపలో వాటా వస్తుంది. లేదు కాబట్టి సొంత ఊరి చేపనే చెరువు కట్ట మీద వ్యాపారి దగ్గర కొని, బస్సులో మోసుకెళ్లి అమ్మాలి. ఒక్కరోజైనా తన చేప తాను అమ్ముకోవాలని ఆమె కోరిక.

ఒకటే చిక్కు. ఆడవాళ్లు వలతో నీళ్లలో దిగితే గంగమ్మకు కోపమొస్తుందని ఊరి ఆనవాయితీ. గంగమ్మ కూడా ఆడదే అన్న విషయం సమావేశంలో చర్చకు రాలేదు. ఆనవాయితీ చెడకుండా, ప్రాజెక్టు నొచ్చుకోకుండా అధ్యక్షుడు లింగం ఒక మార్గం కనిపెట్టాడు. బక్కమ్మ చీర కట్టుకుని తానే దిగుతాడు.

"మీసం గీక్కో మర్దీ," అంది బక్కమ్మ, చీర అందిస్తూ.

"మీసం దియ్య వదినె. కొంగు కప్పుకుంట."

"జెర నడుము వంచు. లారీ లెక్క నిలవడ్డవ్."

లింగం పన్నెండేళ్లుగా ఫ్యాక్టరీ షిఫ్టు డ్యూటీలో ఉన్నందువల్ల వల ముద్దగా పడింది. రెండోసారీ ముద్దే. కట్ట మీద నుంచి బక్కమ్మ ఆగలేకపోయింది. "సగం మోచెయ్యి మీదేస్కో! అంచు పండ్లతోటి వట్టు! ఇగ నడుము దిప్పి ఇడువు!"

మూడోసారి వల గొడుగులా విచ్చుకుంది. ఫొటో పడింది. అందరికన్నా ముందు బక్కమ్మే చప్పట్లు కొట్టింది. తన కార్డు కదా.

ప్రాజెక్టువాళ్లు ఆ ఫొటోను క్యాలెండర్ మీద వేశారు: "నీటిపై నారీశక్తి". లక్ష చేపపిల్లలు చెరువులో దిగాయి. కార్డు ఇవ్వడానికి ప్రాజెక్టు పరిశీలకుడు కామేశ్వరరావు గారే స్వయంగా వచ్చి, కట్ట మీద కుర్చీల్లో కూర్చున్న మగవాళ్లను ఉద్దేశించి ప్రసంగించారు. "ఇకపై ఏ మహిళా ఒడ్డున నిలబడిపోదు!" ఒడ్డున నిలబడ్డ మహిళలు చప్పట్లు కొట్టారు.

తర్వాత ఆయన కార్డునీ బక్కమ్మనీ మార్చి మార్చి చూశారు.

"ఫొటోలో ఉన్నది మీరు కాదండీ."

"చీరె నాదే సారూ."

"చీరకు సభ్యత్వం ఇవ్వలేమమ్మా. అధ్యక్షుడు గారూ, ఈమేనా?"

అవునంటే అబద్ధమవుతుంది. నేనే అంటే చేపపిల్లలు వాపసు పోతాయి. లింగం చెరువు వైపు ఒకసారి చూసి, "కాదు సార్," అన్నాడు. అధ్యక్షుడి నిజాయితీని పరిశీలకుడు అక్కడికక్కడే మెచ్చుకున్నారు.

"ఓరి లింగం! వల ఇసురుడు నేర్పిందెవర్రా నీకు?" అంది బక్కమ్మ.

ఈ ప్రశ్న సమావేశం రికార్డులోకి ఎక్కలేదు. ఫొటోలోని అసలు మహిళ దొరికేదాకా కార్డు అధ్యక్షుడి దగ్గరే భద్రంగా ఉండాలని తీర్మానించారు. గాలింపు కొనసాగుతోంది. అప్పటిదాకా మహిళా వాటాను కార్డు చూపించి లింగమే తీసుకుంటున్నాడు. మొహం సరిపోతోంది కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదు.

బక్కమ్మ ఇప్పటికీ చౌరస్తాలోనే కూర్చుంటుంది. మొన్న మీరూ ఆగారు. మొప్పలెత్తి చూశారు, బేరమాడారు. ఆమె పొలుసు గీకుతుండగా పక్క టీకొట్టులో ఇంకా వేలాడుతున్న ఆ పాత క్యాలెండర్ వైపు చూపించి, "ఆడవాళ్లంటే అట్లా ఉండాలి," అని ఆమెకే చెప్పారు.