బీరువాలో ముప్పై వాట్లు

"సంగీతానికి ప్రాణం శబ్దం. శబ్దానికి ప్రాణం వాట్లు. వాట్లు లేని సంగీతం నెయ్యి లేని పప్పన్నం!" అని కోనసీమ నాదవర్ధనీ సభ అధ్యక్షులు బంగారరాజుగారు అమలాపురంలో ప్రకటించారు. సభ్యులు చప్పట్లు కొట్టారు. వాట్ అంటే ఏమిటో తెలిసినవాడు ఆ హాల్లో ఒక్కడూ లేడు కనక ఎవరికీ అభ్యంతరం కనిపించలేదు. అభ్యంతరం చెప్పాలంటే విషయం కొంచెమైనా తెలియాలి కదా.

అది ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు. వీధుల్లో కరెంటు స్తంభాలకి ఇంకా కొత్తవాసన పోలేదు. బంగారరాజుగారికి ఊరి బయట కొబ్బరితోటలు, ఊళ్ళో మేడ, ఆ మేడలో ఒక బావమరిది ఉన్నారు. మొదటి రెండూ తాతగారు సంపాదించినవి. మూడోది పెళ్ళితో వచ్చింది.

బావమరిది పేరు సూరిబాబు. కలకత్తా హోటళ్ళలో కొన్నాళ్ళు వాయించి, ఒళ్ళో పడుకోబెట్టి వాయించే గిటారు ఒకటీ, దాని శబ్దం పెంచే పెట్టె ఒకటీ చంకన పెట్టుకుని అక్కగారింటికి చేరాడు. పెట్టె చూస్తే వక్కలపెట్టెకి పెద్దన్నలా ఉంది. వెనక చెక్క తీసి బావగారికి చూపించాడు. లోపల మూడు గాజు వాల్వులు ఎర్రగా వెలుగుతున్నాయి.

"ఇదిగో, ఇది గిటారు మాట వింటుందండి బావగారూ. ఈ లావుపాటిది అదే మాట గట్టిగా చెబుతుంది. ఆ మూలది వీళ్ళిద్దరికీ కరెంటు వడ్డిస్తుంది."

"మొత్తం ఎన్ని వాట్లు?"

"అయిదండి."

బంగారరాజుగారి మొహం మాడిపోయింది. ఎందుకంటే, సభకి అధ్యక్షులయ్యేవారికి సొంతంగా ముప్పై వాట్లయినా ఉండాలని రాజోలు మాణిక్యాలరావుగారు కిందటి సమావేశంలోనే తీర్మానం చేయించారు. మాణిక్యాలరావుగారు ఉపాధ్యక్షులు. పేరుకి ముందున్న ఆ 'ఉప' తీయించుకోవాలని ఆయనకి ఎప్పట్నించో కోరిక. ఎన్నిక వార్షికోత్సవం రోజే. ఆ రోజు ముప్పై వాట్లు వినిపించకపోతే కుర్చీ గోదావరి పాయ దాటి రాజోలు వెళ్ళిపోతుంది.

"అయిదని బయట అన్నావంటే నీకీ ఇంట్లో పెరుగన్నం ఉండదు" అన్నారు బంగారరాజుగారు.

"అలాగేనండి" అన్నాడు సూరిబాబు.

ఆ మధ్యాహ్నం బంగారరాజుగారు భోంచేసి వసారాలో నడుం వాల్చారు. సూరిబాబు లోపలి గదిలో చిన్నగా ఏదో పడవపాట వాయించాడు. ఒక్కో స్వరం తీగ మీంచి జారి, మనిషి గొంతులా కాస్త వణికి, మెల్లిగా ఆగుతోంది. చిన్నప్పుడు తల్లి జబ్బుపడితే రేవు దాటించి వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళిన రోజు గుర్తొచ్చింది ఆయనకి. ఆవిడ తిరిగి రాలేదు. ఆయనకి కళ్ళనీళ్ళు ఆగలేదు. సుఖంగా ఏడ్చారు. భార్య వీరవేణమ్మగారు తాంబూలం తెచ్చేసరికి, ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకుని కొబ్బరిపీచు పడిందన్నారు.

తరవాత లోపలికి వెళ్ళి పెట్టె చూశారు. అధ్యక్షులు కదా, చూడకుండా ఉండలేరు.

"ఈ శబ్దం పెంచే మర సగంలోనే ఆపేవేం?"

"సగం దాటితే బొంగురుపోతుందండి. లావు వాల్వు చెప్పగలిగిందంతా చెప్పేశాక, ఇంకా చెప్పమంటే మాట నమిలేస్తుందండి."

"వచ్చినవాళ్ళకి సగం వడ్డించి విస్తరి ముందునించి లెమ్మంటామా? ఇది గోదావరి జిల్లా. చివరికంటా తిప్పు."

తిప్పాడు. పెట్టె బొబ్బరించింది. వంటింట్లోంచి వీరవేణమ్మగారు, "ఏవండీ, గేదెకి సుస్తీ చేసినట్టుంది, ఓసారి చూసి రండి" అని కేకేశారు.

"చూసేవా?" అన్నారు బంగారరాజుగారు సంతోషంగా. "గేదంత అయింది!"

ఇక మిగిలింది ఆకారం. వడ్రంగి వీరన్న చేత టేకు బీరువా ఒకటి చేయించారు. పై అరలో ఎర్ర దీపాలు వరసగా బిగించారు. మధ్య అరలో సూరిబాబు పెట్టె, దాని చుట్టూ పచ్చ ముఖమల్ గుడ్డ. కింది అరలో కొబ్బరికొట్టులోని పాత తూకంరాళ్ళు. ముప్పై వాట్లు పరీక్షించడానికి సభవారు నియమించిన సబ్‌కమిటీ వచ్చి, కాఫీ పుచ్చుకుని, బీరువాని ఎత్తబోయింది. కదల్లేదు. 'సదరు యంత్రమును ఎత్తుటకు కమిటీ వారికి సాధ్యపడనందున, అది ముప్పై వాట్లకు తక్కువ కాదని ధ్రువీకరించడమైనది' అని సంతకాలు చేసి వెళ్ళింది.

వార్షికోత్సవం నాడు హాలు కిటకిటలాడింది. దీపాలు వెలిగాయి. సూరిబాబు త్యాగానికి సిద్ధపడినవాడిలా మర చివరికంటా తిప్పి వాయించాడు. ముందు వరసలో చంటిపిల్ల జడుసుకుంది. వెనక వరసలో ఒకాయన చెవిలో వేలు పెట్టుకుని, ఎవరో చూస్తున్నారని ఆ వేల్తోనే తాళం వేశాడు.

"ఏం గాంభీర్యం అండీ" అన్నారొకరు.

"జమీందారీ గొంతండి."

"ఆయ్" అన్నారందరూ.

మాణిక్యాలరావుగారి మొహం పాలిపోయింది. బంగారరాజుగారు వచ్చే ఏడాది ఉపన్యాసానికి మనసులోనే మొదటి వాక్యం కట్టుకుంటున్నారు. అప్పుడు బీరువా తలుపు సందులోంచి పొగ వచ్చింది. గాలి ఆడని బీరువాలో వాల్వులు కాలి, ముఖమల్ అంటుకుందన్నమాట. జనంలో సగం మంది అది సాంబ్రాణి అనుకుని లెంపలేసుకున్నారు. సూరిబాబు మాత్రం ఒక్క దూకు దూకి, కరెంటు తీగ పీకి, తలుపులు తెరిచి, కాలే గుడ్డని కాలితో నలిపేశాడు.

సభకి మొత్తం కనిపించింది. దీపాలు, తూకంరాళ్ళు, మధ్యలో బుల్లి పెట్టె.

సూరిబాబు ఎవరి మొహమూ చూడలేదు. పెట్టెని బిడ్డలా ఎత్తుకుని స్టూలు మీద పెట్టాడు. వాల్వులు చల్లారేదాకా ఆగి, మళ్ళీ తగిలించి, పనిచేస్తోందో లేదోనని మర సగానికి తిప్పి ఆ పడవపాటే అందుకున్నాడు.

చంటిపిల్ల ఏడుపు మానేసింది. కోనసీమ నాదవర్ధనీ సభ పుట్టాక, సభలో నాదం వినిపించడం అదే మొదలు. ఇదే నా దగ్గరున్నది, అయిదు వాట్లే, ఇదే నాకిష్టం అని లేచి చెప్పాలనిపించింది బంగారరాజుగారికి. లేచారు కూడా.

ఆయనకంటే ముందు మాణిక్యాలరావుగారు లేచారు.

"అధ్యక్షులవారూ, మరి ఇంత సన్నంగా వినిపిస్తోందేంటండి?"

అందరూ బంగారరాజుగారి వైపు తిరిగారు. ఆయన ఒకసారి స్టూలు వైపు చూశారు, ఒకసారి కుర్చీ వైపు చూశారు.

"వేడికి పాడైనట్టుందండి" అన్నారు. "ఒరే సూరిబాబూ, ఆపేయ్. మన సంగీతం బీరువాలోదేనండి. ఆ చిన్నది దాన్ని ముట్టించే పుల్లలాంటిది, అంతే."

"ఆయ్, అలా చెప్పండి" అన్నారు సభ్యులు. ప్రాణం లేచొచ్చింది వాళ్ళకి. సబ్‌కమిటీ వారికి మరీను. బంగారరాజుగారు ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు.

సూరిబాబు తీగలు చుట్టుకున్నాడు. "ముట్టించే పుల్ల నేను పట్టుకుపోతానండి బావగారూ" అని, అక్కగారితో చెప్పి, ఆ సాయంత్రమే పడవెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం మాణిక్యాలరావుగారు బంగారరాజుగారింటికి పెరటి గుమ్మంలోంచి వచ్చారు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

"నిన్న ఆఖర్న ఆ అబ్బాయి సన్నగా వాయించేడు చూడండి. అది ఇంకోసారి వినొచ్చాండి? రాత్రంతా అదే బుర్రలో తిరుగుతోంది. ఎవరికీ చెప్పకండేం."

పెరట్లో మళ్ళీ చెప్పుల చప్పుడు. సభ కోశాధికారిగారు. ఆయన వెనకాల సబ్‌కమిటీ మొత్తం. అందరూ దొడ్డిదారినే. ఒకర్నొకరు చూసుకుని తెల్లబోయారు.

"బీరువా వినిపోదామనండి" అన్నారు కోశాధికారిగారు ముందుగా తేరుకుని.

"నేనూ అందుకేనండి" అన్నారు మాణిక్యాలరావుగారు.

బంగారరాజుగారు అందర్నీ కూర్చోబెట్టి, హాల్లోంచి ఇంటికి చేరిన బీరువా తలుపులు మూసి, దీపాలు వెలిగించారు. లోపల ఆ దీపాలు, తూకంరాళ్ళు తప్ప ఇంకేం లేవు. అందరూ కళ్ళు మూసుకుని శ్రద్ధగా విన్నారు.

చాలాసేపటికి మాణిక్యాలరావుగారు కళ్ళు తుడుచుకుంటూ, "నిన్నటికంటే నిండుగా ఉందండి" అన్నారు.

"ఆయ్" అన్నారు బంగారరాజుగారు.