అందరి కార్డుల్లోనూ ఒకే మొహం

ఉదయం పదింటికల్లా గ్రంథాలయానికి వెళ్లి, పాఠకుల సంఘం ఎన్నికలో తన ఓటు తనకే వేసుకుని, మధ్యాహ్నానికి కార్యదర్శిగా ఇంటికి రావాలని లెక్కల టీచరమ్మ పథకం. రిటైరయ్యాక ఆవిడ పోటీ చేస్తున్న మొదటి ఎన్నిక అది. ఓటుకి సభ్యత్వ కార్డు చూపించాలి. కార్డు ఫోన్‌లోనే ఉంటుంది. తెరిచి చూసుకుని ఆవిడ నిర్ఘాంతపోయారు. పేరు తనదే. ఫోటోలో మాత్రం బుర్రమీసాల మనిషి!

భర్త తొంగిచూశాడు. "నీకు మీసాలు బాగానే నప్పాయే!"

"మీరు ఊరుకోండి. ఈయనెవరో తెలుసా? నామీద పోటీ చేస్తున్న బస్సు డ్రైవరు!"

గ్రంథాలయం ముందు క్యూలో నిలబడ్డవాళ్లందరి ఫోన్లలోనూ అవే మీసాలు. నర్సుకీ అవే, దర్జీకీ అవే. టీచరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏమయ్యా, ఓటర్ల కార్డుల్లో నీ ప్రచారమా? సిగ్గులేదూ?"

"నాకేం తెలీదమ్మా," అన్నాడు డ్రైవరు బిక్కమొహం వేసి. "రాత్రి నా ఫోటో ఎక్కించాను, అంతే."

"దొరికిన ప్రతి దొంగా అదే అంటాడు!"

ఎన్నిక జరిపిస్తున్న లైబ్రేరియన్ ఈ కార్డుల వెబ్‌సైటు తయారుచేసిన అమ్మాయికి ఫోన్ చేసి, అందరికీ వినపడేలా పెట్టాడు.

"సారీ అండీ, తప్పు నాదే," అంది ఆ అమ్మాయి. "అందరూ ఫైలుకి 'ఫోటో' అనే పేరే పెట్టి పంపుతున్నారు. పేరు ఒకటే కావడంతో కొత్తది పాతదాన్ని చెరిపేసి దాని చోట్లో కూర్చుంటోంది. ఆఖరున ఎవరు పంపితే వాళ్ల మొహమే అందరికీ."

"క్లాసులో ఒకే పేరుతో ముగ్గురుంటే మేం రోల్ నంబర్లు ఇచ్చేవాళ్లం! ఆ మాత్రం తట్టలేదా నీకు?"

"ఇప్పుడు అదే చేస్తున్నానండీ. అరగంట పడుతుంది. అంతవరకూ దయచేసి ఎవరూ..."

మిగతాది టీచరమ్మ వినలేదు. లైబ్రేరియన్ వైపు తిరిగారు. "పొరపాటో గ్రహపాటో నాకనవసరం. రాయండి. ఎవరి మొహం ఇతరుల కార్డుల్లో కనిపిస్తుందో వాళ్ల నామినేషన్ రద్దు!"

క్యూ అంతా చప్పట్లు కొట్టింది. లైబ్రేరియన్ రాసి, ముద్ర కొట్టి, గోడకి అతికించాడు. డ్రైవరు తల వంచుకున్నాడు.

"నా కళ్లతో చూసి మరీ రద్దు చేస్తాను. అందరూ వరసగా కార్డులు చూపించండి," అన్నాడు లైబ్రేరియన్.

మీసాల కార్డు పట్టుకుని పదిమందిలో నిలబడటానికి టీచరమ్మకి ప్రాణం ఒప్పలేదు. "నా మొహం నేనే తెచ్చుకుంటాను," అని గొణుక్కుంటూ తన ఫోటోని మళ్లీ ఎక్కించారు. కార్డులో తన మొహం ప్రత్యక్షమైంది. హమ్మయ్య అనుకున్నారు.

నర్సు కార్డు తెరిచింది. టీచరమ్మ. దర్జీ తెరిచాడు. టీచరమ్మ. ఆఖరికి డ్రైవరు కార్డులో కూడా కళ్లజోడు పెట్టుకుని టీచరమ్మే. మీసాలు మచ్చుకైనా ఎక్కడా లేవు.

"ఇది అన్యాయం! వెబ్‌సైటు తప్పు! నాకేం తెలీదు, నా ఫోటో ఎక్కించాను, అంతే!" అని అరిచారు టీచరమ్మ.

లైబ్రేరియన్ గోడవైపు చూపించాడు. ఐదు నిమిషాల్లో డ్రైవరు పోటీ లేకుండా ఎన్నికైపోయాడు.

నియమం మాత్రం చాలా పకడ్బందీగా ఉందని అందరూ టీచరమ్మని మెచ్చుకున్నారు.