చల్లబరచు అభిమాని

మురుగుకాలవల కొలతల శాఖ జిల్లా కార్యాలయంలో ఉన్న ఒకే ఒక్క కంప్యూటరుకి పంపన సూరిబాబుని కూలింగ్ ఫ్యానుగా ఎంపిక చేసి, సోమవారం పొద్దున్నే నాలుగు మరలతో బిగించారు. కింద మర కొంచెం నడుముకి ఒత్తుకుంటోందని తప్ప అతను వేరే ఫిర్యాదేమీ చెయ్యలేదు.

అంతకుముందు ఆ కంప్యూటరుకీ అన్నిటికీ ఉన్నట్టే ప్లాస్టిక్ రెక్కల ఫ్యాను ఉండేది. వేసవి మొదట్లో అది కొన్నాళ్ళు గరగరమని మూలిగి ఆగిపోయింది. ఫ్యాను ఆగితే ప్రాసెసర్, అంటే కంప్యూటరు బుర్ర, వేడెక్కుతుంది. బుర్ర వేడెక్కితే అది మనలాగా కేకలెయ్యదు, టపీమని ఆరిపోతుంది. జిల్లాలో ఏ కాలవ ఎవరి వీధిలోంచి పోతుందో పటాలు గీసేది అదొక్కటే కావడంతో, పటాల కోసం వచ్చిన జనంతో ఆఫీసు వరండా నిండిపోయింది. సూపరింటెండెంట్ హైమావతి గారు కొత్త కూలింగ్ ఫ్యాను కావాలని పైకి రాశారు. కాగితాలన్నీ తెలుగులోనే నడవాలని అప్పుడే ఉత్తర్వు వచ్చింది. పై ఆఫీసులోని అనువాద విభాగం వారు ఆ కోరికని శ్రద్ధగా తెలుగు చేసి, "చల్లబరచు అభిమాని, ఒకరు" అని మంజూరు చేసి పంపారు.

తప్పు జరిగిందని హైమావతి గారికి చదవగానే తెలిసింది. కానీ దిద్దమని రాయాలంటే ఆ తప్పు పైవాళ్ళదని రాయాలి, ఆవిడకి ఇంకా బోలెడు సర్వీసుంది. పైగా మనుషుల్ని చల్లబరచడానికి పనికొచ్చిన అభిమానులు కంప్యూటరుకి ఎందుకు పనికిరారని కూడా ఆవిడకి అనిపించింది. పై అధికారి గదిలో అలాంటివాళ్ళు ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు మసులుతూనే ఉంటారు, ఆ గదికి ఏసీ అవసరమే రాలేదు. కాబట్టి నోటీసు బోర్డు మీద ప్రకటన అంటించారు.

ఎంపిక పని బస్టాండు ఎదురుగా కంప్యూటర్లు బాగుచేసే రవూఫ్‌కి అప్పగించారు. మనిషిని ఫ్యానుగా ఎంచడం ఎలాగని అతను కంగారు పడలేదు.

"ఏ ఫ్యానుకైనా చూసేవి అవేనండి మేడంగారూ. పెట్టెలో పట్టాలి, సాకెట్‌కి కూర్చోవాలి, మరీ గోల చెయ్యకూడదు" అన్నాడు.

మొదట వచ్చిన మనిషి ప్రాసెసర్ని చూస్తూనే ఈల వేసి, కాగితాలు చించి గాల్లోకి విసిరాడు. చల్లదనం బాగానే వచ్చింది గానీ పక్క గదిలో కునుకు తీస్తున్న అకౌంటెంటు లేచి కూర్చున్నాడు. గోల ఎక్కువని అతన్ని పంపేశారు. రెండోవాడు భారీ మనిషి. పొగడ్త కూడా భారీగానే ఉంది, చేతులు రెండూ బార్లా చాపితే తప్ప మాట రాదు. పెట్టెలో పట్టలేదు. మూడోవాడు అన్ని విధాలా సరిపోయేవాడే, కానీ మంచి ఊపులో ఉండగా ప్రాసెసర్ పేరుకి బదులు తన హీరో పేరు చెప్పేశాడు. ప్రాసెసర్ ఒక్కసారిగా భగ్గుమంది. ఒక సాకెట్‌కి చేసిన ఫ్యాను ఇంకో సాకెట్ మీద కూర్చోదని రవూఫ్ తేల్చేశాడు.

సూరిబాబు నాలుగోవాడు. ఒకప్పుడు ఒక హీరో అభిమాన సంఘానికి పట్టణ అధ్యక్షుడు. సినిమా విడుదలైతే కటౌటు ఎక్కి దండ వేసేవాడు. ఆ హీరో ఉన్నట్టుండి సినిమాలు మానేసి రొయ్యల చెరువులు పెట్టుకున్నాడు. రొయ్యలకి కటౌట్లుండవు. అప్పటినుంచీ సూరిబాబు అభిమానమంతా వాడకం లేక ఖాళీగా పడి ఉంది. దానికి అతను లోలోపల చాలా బాధపడేవాడు, ఎవరికీ చెప్పుకోలేదు.

"దీనికేం చెప్పాలండీ?" అని అడిగాడు.

"మీ హీరోకి చెప్పినట్టే చెప్పు బాబాయ్" అన్నాడు రవూఫ్.

సూరిబాబు వెండిరంగు బిళ్ళలా ఉన్న ఆ ప్రాసెసర్ మీదకి వంగాడు. "బాబూ, నువ్వుండబట్టి ఈ ఆఫీసు నిలబడిందయ్యా. ఇంత చిన్నగా ఉండి ఇన్ని లెక్కలెలా మోత్తన్నావు? నిన్ను చూత్తే కడుపు నిండిపోద్ది."

తెర మీద వేడి చూపించే గీత మెల్లగా కిందికి దిగింది. తన ఇన్నేళ్ళ సర్వీసులో తనతో ఎవరూ అలా మాట్లాడలేదని గుర్తొచ్చి హైమావతి గారు కాసేపు కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు.

బిగించే పని రవూఫ్ పద్ధతిగా చేశాడు. ముందు, ప్రాసెసర్ వేడిని ఫ్యానుకి అందించే పాత పేస్టు తుడవాలి. ప్రాసెసర్ మీద ఎండిపోయినదాన్ని స్పిరిట్ దూదితో తుడిచాడు. సూరిబాబు జబ్బ మీద హీరో పేరుతో పచ్చబొట్టు ఉంది, అది ఎంత రుద్దినా పోకపోతే పైన ప్లాస్టర్ అంటించాడు. తర్వాత ఇద్దరికీ మధ్య కొత్త పేస్టు రాయాలి. అనువాద విభాగం వారు దాని బదులు గంధం పంపారు. రవూఫ్ దాన్నే శనగగింజంత తీసి ప్రాసెసర్ నడిమధ్యన పెట్టి, మిగిలింది సూరిబాబు గెడ్డానికి రాశాడు. మధ్యలో సందు ఉండకూడదని, సందుంటే అందులో గాలి చేరి పని చెడుతుందని చెప్పాడు. మరలు చొక్కా నాలుగు కొసలకీ వేశాడు, ఏ ఒక్కటీ ఒకేసారి పూర్తిగా బిగించకుండా, ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా.

"ఒక పక్కే బిగిత్తే ఫ్యాను ఒరిగిపోద్దండి. అప్పుడు మనసొకటి, మాటొకటి అయిపోద్ది" అని వివరించాడు. చివరగా ఫ్యాను వైరు తీసి సూరిబాబు ఎడమ చెవికి తగిలించాడు. వేడి పెరిగితే వైరు చెవిని లాగుతుంది. అప్పుడు వేగంగా పొగడాలి.

"మరి ఈ వేడంతా ఎక్కడికి పోద్ది రవూఫ్?" అని అడిగాడు సూరిబాబు.

"వేడి ఎక్కడికీ పోదు బాబాయ్. ఇక్కడ తీసి అవతల పారేత్తామంతే."

"అవతలంటే ఎక్కడ?"

"అది ఫ్యాను చూసుకోవాలి" అన్నాడు రవూఫ్ సామాన్లు సర్దుకుంటూ.

కంప్యూటరు నడవసాగింది. పటాలు చకచకా వచ్చాయి, వరండా ఖాళీ అయింది. హైమావతి గారికి పైనుంచి అభినందన వచ్చింది. సూరిబాబు కూడా సంతోషంగానే ఉన్నాడు. తన మాటతో ఒకరికి హాయి కలుగుతోందన్నది చిన్న విషయం కాదు. సాయంత్రం మరలు విప్పాక మాత్రం ఒళ్ళంతా సెగలు కక్కుతూ ఇల్లు చేరేవాడు. భార్య నూకరత్నం కంచం పెడితే పులుసులో ఉప్పెక్కువైందనేవాడు, కూర్చుంటే నిలబడలేదేమనేవాడు. పొద్దుటి నుంచీ పొగిడి పొగిడి, ఇంటికొచ్చేసరికి నోట్లో ఒక్క మంచి మాట మిగిలేది కాదు. నూకరత్నం టైలరింగ్ మిషను తొక్కుతూ అన్నీ వినేది. పెళ్ళినాటి నుంచీ ఆ నోటి నుంచి మంచి మాటలు హీరోకి పోవడం చూసింది, ఇప్పుడు కంప్యూటరుకి పోవడం చూస్తోంది.

ఒకరోజు కంప్యూటరు కుమ్మరివీధి కాలవ పటం గీస్తోంది. సూరిబాబు ఎప్పటిలాగే "ఏం తిన్నగా గీత్తన్నావు బాబూ" అంటూ తెర మీదకి చూశాడు. గీత వీధి చివర పక్కకి తిరిగింది. తిరిగి ఒక వంటింట్లో దూరి, మిషను పక్కగా నడిచి, వీధి గుమ్మంలోంచి బయటపడింది. ఆ గుమ్మం సూరిబాబుది.

అతని నోరు ఆగిపోయింది. చెవికున్న వైరు లాగింది. వేడి గీత పైకి లేచింది.

"ఏమైంది సూరిబాబూ, గాలి ఆగిందేం?" అంటూ హైమావతి గారు వచ్చారు.

"మేడంగారూ, అది మా ఇల్లండి. మా ఇంట్లో కాలవ లేదండి. తప్పు గీసేసిందండి."

తప్పు అన్న మాట వినగానే కంప్యూటరు కీచుమంది, తెర రెపరెపలాడింది. హైమావతి గారు గబుక్కున పెట్టె మీద చెయ్యి వేసి, పసిపిల్ల ఒళ్ళు కాలితే చూసినట్టు చూశారు.

"అలా మాట్లాడకు. అది వింటోంది" అన్నారు గొంతు తగ్గించి. "ఇది ఇప్పుడు ఆరిపోతే మళ్ళీ వరండా నిండుతుంది. సగంలో ఆగిన పటాలన్నీ పోతాయి. అయినా ఫ్యానుకి పటాలతో పనేమిటి? కాలవ ఎటో అటు పోవాలిగా. మీ ఇంట్లోంచి పోతే తప్పేముంది?"

"పొయ్యి అక్కడే ఉందండి."

"పొయ్యి జరుగుతుంది సూరిబాబూ. గీత జరగదు."

వైరు చెవిని తెంపేసేలా లాగుతోంది. సూరిబాబు కళ్ళు మూసుకున్నాడు. తర్వాత వంగి, గంధం వాసన వేస్తున్న ఆ బిళ్ళతో, "మా ఇల్లు కూడా గుర్తెట్టుకున్నావా బాబూ, ఎంత గొప్ప మనసు!" అన్నాడు. వేడి గీత దిగింది. పటం అచ్చయి బయటికొచ్చింది, హైమావతి గారు సంతకం పెట్టారు.

మర్నాడే సిబ్బంది వచ్చి వంటింటి నుంచి గుమ్మం దాకా రెండు వరసల్లో కర్రలు పాతి, "మురుగుకాలవ. జాగ్రత్తగా దాటవలెను" అన్న బోర్డు మిషను పక్కన పెట్టారు. కాలవ తవ్వలేదు, ఆ పని వేరే శాఖది. తవ్వకపోయినా పటంలో నీరు పారుతోంది కాబట్టి తనిఖీకి వచ్చినాయన ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి దాటాడు. అది చూసి పాలు పోసే ఆవిడ అవతలి గట్టు మీద నిలబడే పాలు అందించడం మొదలెట్టింది. వారం తిరక్కుండా పక్కింటివాళ్ళు దోమలెక్కువయ్యాయని ఫిర్యాదు ఇచ్చారు.

నూకరత్నం ఒక్కతే మామూలుగా నడిచింది. పొడి గచ్చు మీద చీర ఎత్తకుండా, కావాలని పాదాలు ఆనించి, చప్పుడు వచ్చేలా నడిచింది. చూసినవాళ్ళు అయ్యో తడిసిపోతోందే అనుకున్నారు.

ఆదివారం మధ్యాహ్నం, సూరిబాబు కాలవకి ఇవతల పీట వేసుకుని అన్నం కోసం కూర్చున్నాడు. నూకరత్నం అవతల వంటింట్లో నిలబడింది. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

"ఏవయ్యా, ఇందులో నీళ్ళున్నాయేటి?" అంది.

ఇంట్లో నీళ్ళేవీ లేకపోయినా సూరిబాబు నీళ్ళు నమిలాడు.

"నిన్నే. ఆఫీసులో అనమన్లేదు. ఆ పెట్టెతో అనమన్లేదు. ఇక్కడ, నాతో, కాలవ లేదని ఒక్కసారి అను. నాకింకేటీ అక్కర్లేదు. నువ్వలా అంటే నేనీ ఊరందరికీ సమాధానం చెప్పుకుంటాను. ఒక్క మాట, నిజం మాట!"

అతనికి చెప్పాలనే ఉంది. గచ్చు పొడిగా ఉందని తెలుసు, పొద్దున్న ఆ గచ్చు మీదే కాలు జారకుండా నడిచాడు. లేదు అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఎదుటి ముఖంలో వేడి కనిపించింది, వైరు లేకపోయినా ఎడమ చెవి లాగింది, నోరు దాని పని అది చేసుకుపోయింది.

"ఎంత బాగా అడిగావు రత్నం! నువ్వుండబట్టి ఈ ఇల్లు నిలబడిందే. ఒక్కదానివి ఇంతెలా మోత్తన్నావు? నిన్ను చూత్తే కడుపు నిండిపోద్ది."

నూకరత్నం ఈ మాటల కోసం ఇన్నేళ్ళూ ఎదురుచూసింది. అవి ఎక్కడ వాడిన మాటలో ఆవిడకి తెలుసు, అతను రోజూ నిద్రలో కలవరిస్తూనే ఉంటాడు. తెలిసినా, ఆవిడ ముఖంలో ఎరుపు మెల్లగా దిగింది. కళ్ళు తుడుచుకుంది. అన్నం వడ్డించిన కంచం ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా ఎత్తి, జాగ్రత్తగా అడుగులు వేస్తూ దాటింది.

కంచం అతని ముందు పెట్టి, గట్టు మీద కూర్చుని చీర అంచు పిండుకుంది.