బడిలో పగిలిన అగ్నిపర్వతం

ఆ ఉదయం భూగోళం టీచరమ్మ అనుకున్న పని చిన్నదే. మధ్యాహ్నం ఏడో తరగతికి అగ్నిపర్వతం పాఠం ఉంది. బడికి కొత్తగా వచ్చిన వీఆర్ కళ్లజోడును ముందుగా తానొకసారి పెట్టుకుని చూడాలి. అది తగిలించుకుంటే నిజంగా ఆ కొండ పక్కనే నిలబడ్డట్టుంటుందట. పిల్లల ముందు కెవ్వుమంటే పరువేం కాను? బల్లి కనబడితే బెంచీ ఎక్కే మనిషి ఆవిడ.

"జాగ్రత్తమ్మా, మనకున్నది అదొక్కటే," అంది హెడ్‌మిస్ట్రెస్ తాళంచెవి ఇస్తూ. "దానికేమన్నా అయితే మాత్రం ఊరుకోను."

కళ్లజోడు ఉన్నది ఒకప్పటి సంగీతం గదిలో. తలుపు వేస్తే బయటి చప్పుడు లోపలికి రాదు, లోపలిది బయటికి పోదు. టీచరమ్మ తలుపు వేసుకుని, కుర్చీలో కుదురుగా కూర్చుని కళ్లజోడు తగిలించుకుంది. కాళ్ల కింద నేల మాయమైంది. ఎదురుగా పొగలు కక్కుతూ నల్లటి కొండ. భయమేస్తున్నా చూస్తూనే ఉంది. బొమ్మ బాగానే ఉంది కానీ మాట వినబడటం లేదు. సౌండు బటను నొక్కింది. ఊహూ. మళ్లీ మళ్లీ నొక్కి, పూర్తిగా పెంచేసింది. అయినా మూగగానే ఉంది. ఇంతలో కొండ పగిలింది. ఎర్రటి లావా బుసలు కొడుతూ, పావుగంట పాకి పాకి పాదాల దాకా వచ్చేసరికి, "బాబోయ్, ఇక నావల్ల కాదు!" అని కళ్లజోడు ఊడబెరికింది.

చెమట తుడుచుకుని, కళ్లజోడు చేత్తో పట్టుకునే తలుపు తీస్తే, బడిలో మనిషన్నవాడు లేడు.

వరండా నిండా చెప్పులు, పుస్తకాలు చెల్లాచెదురుగా పడున్నాయి. కుళాయి కారుతోంది. బోర్డు మీద లెక్క సగంలో ఆగిపోయింది. టీచరమ్మ తన కూతురు చదివే మూడో తరగతికి పరుగెత్తింది. గది ఖాళీ. పాప నీళ్లసీసా మాత్రం నేల మీద పడుంది.

ఫోను మోగింది. మొగుడు.

"ఎక్కడున్నావే! మీ బడి దగ్గర కొండ పేలిందట కదా! పాపేదీ?"

"మన ఊళ్లో కొండెక్కడిదండీ?"

"నాకేం తెలుసు? వీధి వీధంతా అదే అంటోంది! ముందు బయటికి పరుగెత్తు!"

ఆవిడ మైదానంలోకి వచ్చి పడింది. అవతలి గోడ వారన బడంతా గుంపుగా ఉంది. గేటు దగ్గర ఫైరింజను. పాప ఏడుస్తూ ఎదురొచ్చి నడుం చుట్టేసింది.

"అమ్మా, లావా నిన్ను కాల్చిందా?"

"అందరూ వచ్చారు, నువ్వొక్కదానివే రాలేదు!" హెడ్‌మిస్ట్రెస్ ఆవిడ భుజాలు పట్టుకుని కుదిపింది. "నీకోసం ఈ ఫైరింజను వాళ్లు లోపలికి వెళ్లబోతున్నారు తెలుసా?"

"లావా అని ఎవరు చెప్పారండీ?"

"మైకులన్నీ మోగిపోతే వినలేదా? 'కొండ పగిలింది, ప్రాణాలు దక్కించుకోండి' అని ఎవరో మహానుభావుడు ఎంత అరిచాడు!"

టీచరమ్మకు అప్పుడు వెలిగింది. నిన్న ఈ కళ్లజోడు బిగించి వెళ్లిన మెకానిక్ దాని సౌండును బడి మైకులకు కలిపేశాడన్నమాట! పెంచింది మాత్రం తన చెయ్యే. ఉద్యోగం ఊడినట్టే అనుకుంటూ కళ్లజోడును వీపు వెనక దాచింది.

"ఏంటమ్మా దాస్తున్నారు?" అన్నాడు ఫైరింజను ఆఫీసరు. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. ఆయనే అది లాక్కుని, ఏముందోనని కళ్లకు పెట్టుకున్నాడు. మరుక్షణం "అమ్మో, నిప్పు!" అని అరిచి, వెనక్కి గంతేసి, తన మనుషుల మీద పడ్డాడు.

టీచరమ్మ కళ్లజోడు తీయగానే ఆగిపోయిన గొంతు మైకుల్లో మళ్లీ ఖంగున మోగింది.

"భయపడకండి పిల్లలూ, మీరు క్షేమంగానే ఉన్నారు. పాఠం ముగిసింది. సందేహాలున్నవాళ్లు చెయ్యెత్తండి."

అందరికంటే ముందు చెయ్యెత్తింది హెడ్‌మిస్ట్రెస్.