వెండెల్ అరవై–అరవై ఫ్రిజ్

ఆ ఉదయం వెండెల్ ప్రూయిట్ పెట్టుకున్న పని చాలా చిన్నది. కాఫీ తాగి గరాజ్‌లోకి వెళ్ళాలి, వైన్ ఫ్రిజ్ అద్దం తలుపులోంచి మీటరు చూడాలి, వేడి అరవై ఫారెన్‌హీట్ డిగ్రీలు, తేమ అరవై శాతం ఉంటే నోట్‌బుక్‌లో రాసుకుని తిరిగి రావాలి. అంతే. తలుపు మాత్రం తీయకూడదు. తీస్తే తేమ చెదురుతుంది, తేమ చెదిరితే లోపల ఆరుతున్న గంజాయి మొగ్గలు పాడవుతాయి, అవి పాడైతే ఈ ఏడు కూడా మొదటి బహుమతి నీలం రిబ్బను ఇంగ్రిడ్ సోల్‌బర్గ్ ఇంటికే పోతుంది.

ఇప్పటికి ఏడేళ్ళుగా అక్కడికే పోతోంది మరి. కాలిఫోర్నియా ఉత్తరపు ఒడ్డున ఉన్న ఫెర్న్ హాలోలో అక్టోబరు పంటల పండుగకి గుమ్మడికాయలు, తేనె, చీజ్‌లతో పాటు పెరటి గంజాయిని కూడా పోటీకి పెడతారు. న్యాయనిర్ణేతలు కాల్చి చూడరు. పేరు లేకుండా అంకె మాత్రం అంటించిన జాడీ మూత తీసి, భూతద్దంతో చూసి, మంచి మొగ్గకుండే పైన్, నిమ్మ వాసన ఉందో లేదో పీల్చి మార్కులు వేస్తారు. పెంచడంలో వెండెల్‌కి వంక పెట్టేవాళ్ళు లేరు. అక్కడి చట్టం ప్రకారం ఇంటికి ఆరు మొక్కలే పెంచుకోవాలి. ఆ ఆరింటినీ అతను కంటికి రెప్పలా చూసుకుంటాడు. ఎటొచ్చీ ఆరబెట్టే దగ్గరే బోల్తా కొడతాడు. సముద్రం మీంచి వచ్చే పొగమంచుకి ఒక ఏడు బూజు పట్టింది. హీటరు పెడితే మరుసటి ఏడు ఎండుగడ్డి కంపు కొట్టింది.

అందుకే ఈసారి వైన్ ఫ్రిజ్ మీద పడ్డాడు. అది పెళ్ళిరోజుకి బావమరిది ఇచ్చిన కానుక. మొగుడూ పెళ్ళాలిద్దరికీ వైన్ అలవాటు లేదు కనుక అన్నాళ్ళూ అందులో మేకల మందులూ చేపల ఎరా ఉండేవి. నలభై ఏళ్ళు ప్లంబింగ్ చేసిన చెయ్యి ఊరుకుంటుందా? సీసాల అరలు పీకేసి తీగ జాలీలు బిగించాడు. పాత కంప్యూటర్లోంచి తీసిన చిన్న ఫ్యాను పెట్టాడు, అరవై దగ్గర ఆగేలా థర్మోస్టాట్ తగిలించాడు. మొదటిసారి మీటరు అరవై–అరవై దగ్గర నిలబడిన రోజున వెండెల్ దాని ముందు కుర్చీ వేసుకుని గంటసేపు కూర్చున్నాడు. పుట్టిన పిల్లలను చూసినప్పుడు కూడా అంత మురిసిపోలేదని అతని భార్య నడీన్ అంటుంది. అది నిజమే.

గుట్టుగా ఉంచుకుంటే సరిపోయేది. కానీ అతనికి కడుపులో మాట దాగదు. పోస్టుమాన్‌ను లోపలికి పిలిచి చూపించాడు. గ్యాస్ ట్యాంకు నింపడానికి వచ్చిన మనిషికి చూపించాడు. మేకపిల్లను చూడడానికి వచ్చిన పాస్టర్‌ని గరాజ్‌లోకి తిప్పి తీసుకుపోయి మరీ చూపించాడు. వారం తిరిగేసరికి ఊరంతా తెలిసింది.

కాఫీ కప్పు పట్టుకుని గరాజ్‌కి బయలుదేరుతుంటే నడీన్ చల్లగా చెప్పింది, పది గంటలకు ఇంగ్రిడ్ వస్తోందని, కొత్త ఫ్రిజ్ చూడాలని ఫోన్ చేసిందని.

"రావద్దని చెప్పకపోయావా?" అన్నాడు వెండెల్.

"ఎలా చెప్పను? ఊళ్ళో అందర్నీ నువ్వే పిలిచి చూపిస్తివి. ఆవిడొక్కతే మిగిలింది."

వెండెల్ కాఫీ కప్పు కింద పెట్టేశాడు. ఇంగ్రిడ్ చూసిందంటే ఇంటికి వెళ్ళి అలాంటిదే కట్టేస్తుంది. అటూ ఇటూ తిరుగుతుంటే వంటింటి పక్క చల్లగదిలో బల్ల మీద నడీన్ మేకపాల చీజ్ బిళ్ళలు కనిపించాయి. ఆమె కూడా పదకొండేళ్ళుగా వాటిని పండుగకి పెడుతోంది. ఒక్కసారీ రిబ్బను రాలేదు, ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదు. వెండెల్ బుర్రలో దీపం వెలిగింది. పై జాలీల్లో చీజ్ పెట్టి, కింద మొగ్గల ముందు న్యూస్‌పేపరు అడ్డం కట్టేస్తే అది చీజ్ ఫ్రిజ్ అయిపోతుంది.

అక్కడ గాలి మరీ పొడి, బిళ్ళలు పగుళ్ళిస్తాయని నడీన్ మొత్తుకుంది. ఒక్క గంట, ఒక్కటే గంట అని బతిమాలి ఆరు బిళ్ళలు ఎత్తుకుపోయాడు.

ఇంగ్రిడ్ సోల్‌బర్గ్ మాట తక్కువ మనిషి. ఆరడుగుల ఎత్తునుంచి వంగి అద్దంలోంచి మీటరు చూసింది, ఫ్యాను చూసింది, చీజ్ చూసింది. న్యూస్‌పేపరు వైపు కూడా చూసింది. ఒక్కసారి గాలి పీల్చింది.

"చీజ్ ఎన్నాళ్ళు ఉంచుతావు?" అంది.

వెండెల్‌కి చీజ్ తినడం తప్ప ఇంకేమీ తెలియదు. అయినా తన ఫ్రిజ్ గురించి అడిగితే తెలియదని చెప్పే మనిషి కాదు. "పండుగ దాకా ఉండాల్సిందే. రోజూ ఒకసారి తిరగెయ్యాలి. అసలు రహస్యం అంతా చీజ్‌లోనే ఉంది, ఇంగ్రిడ్. తేమ సంగతి అదే చూసుకుంటుంది," అన్నాడు ధీమాగా.

ఇంగ్రిడ్ తల ఊపింది. వచ్చేవారం మళ్ళీ వచ్చి ఎలా మాగిందో చూస్తానంది. మర్నాడు వచ్చి నడీన్ దగ్గర మూడు చీజ్ బిళ్ళలు కొనుక్కుపోయింది. వెండెల్ సంబరానికి అంతులేదు. ఏడేళ్ళు తనను ఓడించిన మనిషిని ఒక్క న్యూస్‌పేపరుతో బురిడీ కొట్టించానని రాత్రి భోజనాల దగ్గర రెండుసార్లు చెప్పుకున్నాడు.

కాకపోతే ఆవిడ మళ్ళీ వస్తానంది కనుక చీజ్ కదపడానికి వీల్లేకపోయింది. ఒక గంట కాస్తా, ఆవిడ రాకుండానే, పది రోజులైంది. మూడో రోజుకే బిళ్ళలు పగుళ్ళిస్తున్నాయని నడీన్ వాటికి తడిగుడ్డలు చుట్టింది. తడిగుడ్డలతో తేమ డెబ్భైకి ఎక్కింది. మొగ్గలకు బూజు పడుతుందని వెండెల్ ఇంకో ఫ్యాను పెట్టాడు. రెండో ఫ్యాను గాలికి గుడ్డలు ఆరిపోతున్నాయని నడీన్ వాటిని ఇంకా తడిపింది. వెండెల్ మూడో ఫ్యాను బిగించాడు. ఎట్టకేలకు మీటరు మళ్ళీ అరవైకి దిగింది. నోట్‌బుక్‌లో ఆ అంకె కింద రెండు గీతలు గీశాడు. ఆ మూడు ఫ్యాన్లూ కలిసి లోపల దేని వాసన దేనికి పట్టిస్తున్నాయో ఆ నోట్‌బుక్‌లో రాసే గడి లేదు. గరాజ్‌లో మేక వాసన వేస్తే మేకలున్న ఇంట్లో ఎవరు పట్టించుకుంటారు?

మొగ్గలు ఆరబెట్టిన పదమూడో రోజున సన్న కాడ వంచితే టక్కుమని విరిగింది. మొగ్గలు సరిగ్గా ఆరాయన్నమాట. వాటిని గాజు జాడీల్లో నింపి మాగబెట్టి, మూడో రోజు పొద్దున్న గాలి తగిలించడానికి మొదటి జాడీ మూత తీశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మూత పెట్టేశాడు. మళ్ళీ తీశాడు. రెండో జాడీ తీశాడు. అన్నీ తీశాడు.

"నడీన్," అని పిలిచాడు. జాడీ ఆమె చేతిలో పెట్టాడు. "ఇది వాసన చూడు."

నడీన్ చూసింది. అబద్ధం ఆడడం ఆమెకు చేతకాదు. "మన మగమేక," అంది.

వెండెల్ కుర్చీలో కూలబడ్డాడు. చూపుకి అంత అందమైన మొగ్గలు ఆ ఒడ్డున ఎవరూ పండించి ఉండరు. బూజు లేదు, గడ్డి కంపు లేదు, రంగు చెక్కు చెదరలేదు. ఫ్రిజ్ తప్పు ఆవగింజంత లేదు. తన నోరే తనను ముంచిందని అతనికి ఏడుపొచ్చింది. పండుగకి వెళ్ళనని పట్టుబట్టాడు. నడీన్ అతని భుజం మీద చెయ్యి వేసి, ఆరు నెలలు పెంచిన దాన్ని దాచుకోవడం ఏమిటి, పెట్టి వద్దాం పద అంది. తన చీజ్ కూడా ఎత్తుకుంది. అంతకుముందు ఒక ముక్క కోసి నోట్లో వేసుకుని, వెంటనే ఇంకో ముక్క కోసుకుంది కానీ, అది వెండెల్ గమనించే స్థితిలో లేడు.

పండుగ డేరాలో నీలం రిబ్బను ఊరి లైబ్రరీలో పనిచేసి రిటైరైన ఒకావిడకి వచ్చింది. ఆవిడ కిరాణా కాగితపు సంచిలో మొగ్గలు వేసి, చొక్కాల అలమరలో పడేసి మరిచిపోయిందట. వెండెల్ తన జాడీ దగ్గరకు వెళ్ళి న్యాయనిర్ణేత రాసిన చీటీ చదివాడు. రూపం చాలా బాగుంది, ఆరిన తీరు చాలా బాగుంది, వాసన మేక అని ఉంది. పక్క జాడీ చీటీ మీద కూడా అదే రాసి ఉంది. ఆ పక్క జాడీ ముందు ఇంగ్రిడ్ నిలబడి ఉంది.

ఇంగ్రిడ్ రెండు చీటీలూ మార్చి మార్చి చదివింది.

"నీ ఫ్రిజ్‌లో ఆ చీజ్ ఎందుకు పెట్టావు, వెండెల్?" అంది ఇంగ్రిడ్.

"అది చీజ్ ఫ్రిజ్ అని నువ్వు నమ్మాలని."

"తలుపు దగ్గరే గంజాయి వాసన తెలిసింది నాకు. రహస్యం చీజ్‌లో ఉందన్నావు. అదొక్కటే నమ్మాను," అంది ఇంగ్రిడ్. నమ్మి, ఇంటికి వెళ్ళి తన మొగ్గల మధ్య మూడు బిళ్ళలు పెట్టుకుంది.

అంతలో డేరా అవతలి నుంచి నడీన్ వెండెల్‌ని పిలిచింది. ఆమె అలా గట్టిగా పిలవడం అతనెప్పుడూ వినలేదు. పరుగెత్తాడు. ఆమె చీజ్ పక్కన నీలం రిబ్బను ఉంది. పైన్ అడవి, నిమ్మతొక్క, వాన వెలిసిన నేల గుర్తొచ్చాయని, ఇలాంటిది తామెన్నడూ తినలేదని చీటీ మీద రాశారు. కింద దరఖాస్తు అంటించి ఉంది. ఎక్కడ మాగబెట్టారు అన్న గడిలో నడీన్ గుండ్రటి అక్షరాలు ఉన్నాయి: నా భర్త వెండెల్ తన చేతులతో చేసిన ఫ్రిజ్‌లో, అరవై–అరవై దగ్గర.

వెండెల్ దాన్ని మూడుసార్లు చదివాడు. పదకొండేళ్ళ తరువాత నడీన్ ముఖంలో ఆ వెలుగు చూసి అతని ఛాతీ ఉబ్బింది, కళ్ళు చెమర్చాయి, రెంటినీ దాచుకోలేదు. రిబ్బను తెచ్చి ఫ్రిజ్ పిడికి కట్టారు.

ఇప్పుడు ఎవరొచ్చినా వెండెల్ గరాజ్‌లోకి తీసుకుపోయి ముందు చీజే చూపిస్తాడు. కింది జాలీలో ఆ మొగ్గలేమిటని అడిగితే, అవి చీజ్‌కి వాసన పట్టడం కోసం పెట్టినవని చెబుతాడు.