ఎగిరే విద్యకు నిరభ్యంతర పత్రం

మంత్రం పనిచేయడం ముఖ్యం కాదని, అది సరైన మార్గం ద్వారా పనిచేయడమే ముఖ్యమని లోకానికి మొట్టమొదట చాటిచెప్పిన ఘనత బావగారికే దక్కుతుంది. (లోకం అడగలేదు. అడక్కుండా చేసేదాన్నే సేవ అంటారు.)

బావగారంటే కౌంటరమ్మకు భర్త అన్నగారు. పెద్ద ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. రిటైరైంది ఆయనే గానీ, ఆయనలోని సూపరింటెండెంటు ఇంకా డ్యూటీలోనే ఉన్నాడు. ఇక కౌంటరమ్మ అనేది ఇంట్లోవాళ్లు ముద్దుగా పెట్టుకున్న పేరు. ఆవిడ సర్టిఫికెట్లు ఇచ్చే ఆఫీసులో కిటికీ వెనక కూర్చుంటుంది. అందులోంచి కనిపించేవి క్యూలో నిలబడ్డ మొహాలు, ఆ మొహాల వెనక ఒక గోడ.

ఒక ఆదివారం కూతురు కొత్త ఆట పట్టుకొచ్చింది. తలా ఒక పాత్ర ఎంచుకుని, అందరూ మంత్రాల బడిలో విద్యార్థులై, ఏం చేయబోతున్నారో నోటితో చెప్పి ఇరవై ముఖాల పాచిక వేయాలి. అంకె బాగా పడితే చెప్పింది జరిగినట్టు. కథ నడపడానికి మాత్రం ఒక పెద్దమనిషి కావాలి.

"పెదనాన్నా, మీరు నడపండి. మనుషుల్ని నడపడం మీకు అలవాటేగా!" అంది కూతురు.

ఆ ఇంటి చరిత్రలో ఇంత ఖరీదైన మాట ఇంకెవరూ అనలేదు.

పాత్రలు ఎంచుకునే పుస్తకం తిరగేస్తుంటే కౌంటరమ్మ ఉన్నట్టుండి, "ఎగిరేది ఉందా?" అంది. అడిగిన తీరుకి భర్త పేపర్లోంచి తలెత్తి చూశాడు. ఆవిడకే ఆశ్చర్యం వేసింది. "ఒక్కసారి ఎగరాలనుంది బావగారూ. ఆ గోడ అవతల ఏముందో చూడాలి."

బావగారు కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. "ఎగురమ్మా, ఎవరు కాదన్నారు? పద్ధతిగా ఎగురు."

పద్ధతి ఏమిటంటే, గాలి విద్యలో చేరేవారు ప్రస్తుతం నేల మీదే ఉన్నట్టు భూమి విభాగం నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. ఆ విభాగాధికారి ఒక గబ్బిలం. తలకిందులుగా వేలాడుతూ చదువుతాడు గనక, సంతకం పైన పెట్టారని ప్రతి దరఖాస్తునూ తిప్పి పంపేవాడు. కౌంటరమ్మ తెలివిగా కాగితం తిరగేసి ఇచ్చింది. అధికారిని వెక్కిరించినందుకు సంజాయిషీ అడిగారు. సరే, చీపురెక్కి ఎగురుదామంటే అది పారిశుధ్య విభాగం ఆస్తి. ఊడ్వడం పూర్తయిందని వాళ్లు రాసిచ్చాకే ఎగరాలి. (ఊడ్వడం ఎక్కడైనా ఎప్పుడైనా పూర్తయిందా?) పోనీ అని పాచిక వేస్తే ఏకంగా ఇరవై పడింది! అందరూ చప్పట్లు కొట్టారు. ఇంత పెద్ద అంకె పడటం సహజమేనా అని తేల్చడానికి బావగారు ఉపసంఘం వేశారు.

మిగతావాళ్ల గతీ అంతే. మాయమయ్యే విద్య తీసుకున్న కూతుర్ని, మాయమయ్యాక దిగిన ఫోటో తెమ్మన్నారు. ఆ పిల్ల తెల్లకాగితం ఇచ్చింది. రెండు చెవులూ స్పష్టంగా కనబడాలని వెనక్కిచ్చారు. నిప్పు విద్య తీసుకున్న భర్త, అగ్నిమాపక విభాగం అనుమతి కోసం ఎదురుచూస్తూ హాయిగా గుర్రు పెట్టేవాడు.

ఇలా ఆదివారాలు గడిచిపోతుండగా, ఒక మధ్యాహ్నం బావగారు గొంతు పెంచి, మంత్రాల బడి మీద డ్రాగన్ దిగిందని ప్రకటించారు. నిప్పులు కక్కుతూ తిన్నగా ఆఫీసు గది కిటికీలోకి తల దూర్చిందట. అడ్డుకునే మంత్రం ఏదైనా సరే, ఇంకా పరిశీలనలోనే ఉంది. కౌంటరమ్మ లెక్క వేసుకుంది. బడి కాలిపోతే దరఖాస్తూ కాలిపోతుంది. మళ్లీ గబ్బిలం దగ్గర్నుంచి మొదలు!

"ఏం చేస్తావమ్మా?" అన్నారు బావగారు.

కిటికీలో తల కనిపించిందనేసరికి ఆవిడ నోరు దాని పని అది చేసేసింది. తల కూడా ఎత్తకుండా, "టైమైపోయింది. రేపు రండి" అంది.

బావగారు డ్రాగన్ తరఫున పాచిక వేశారు. ఒకటి పడింది. డ్రాగన్ నోరు మూసుకుని, రెక్కలు ముడుచుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయింది. (వెళ్తూ వెళ్తూ, రేపు ఎన్నింటికి రావాలని అడిగిందట.)

కూతురు కేకలు పెట్టింది. భర్త కూడా మేలుకున్నాడు.

"బడిని కాపాడాను కదా బావగారూ, ఇంక ఎగరనివ్వండి!"

బావగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇలాంటి మనిషిని గాల్లోకి పంపుకుంటామా తల్లీ? ఇవాళ్టి నుంచి బడి కౌంటరు నీదే. పర్మనెంటు."

"మరి నా దరఖాస్తు?"

"నీ కౌంటరుకే వస్తుంది."

"అయితే అనుమతి ఇప్పుడే ఇచ్చేసుకుంటాను."

"అయ్యయ్యో, సొంత ఫైలు సొంతంగా చూసుకోకూడదమ్మా! రూలుందిగా."

కౌంటరమ్మకు ఏడుపొచ్చింది. ఆటే కదా అని ఎంత సర్దిచెప్పుకున్నా దుఃఖం ఆగలేదు. అడిగిందేమిటి? ఒక్కసారి, గోడ అవతలికి. కూతురు టీ పెట్టి ఇచ్చినా ముట్టుకోలేదు.

సోమవారం ఆఫీసులోనూ అదే బాధ. ఎదుటివాళ్ల ఆశ పట్టని ఇలాంటి మనుషులు ఎక్కడ పుడతారో అని తలపోస్తూ కూర్చుంది. అంతలో కిటికీలోకి ఒక ముసలాయన తల వంచాడు. చంకలో సంచీ, చెమటకు తడిసిన చొక్కా.

"మనవరాలిని బడిలో చేర్చుకోవాలంటే సర్టిఫికెట్టు కావాలన్నారు తల్లీ. పొద్దుట్నుంచీ నిలబడ్డాను."

కౌంటరమ్మ ఎదురుగా ఉన్న గోడ గడియారం చూసింది. "టైమైపోయింది. రేపు రండి."

ముసలాయన సంచీ సర్దుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయాడు. ఆయన కోసం పాచిక కూడా వేయనక్కర్లేకపోయింది.